సెప్టెంబర్‌కి ముందే ఒక ఎన్‌ఎఫ్‌ఎల్ ఆఫెన్స్‌ని అంచనా వేయడం ఎలా

జులై చివరికొచ్చేసరికి డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో శనివారం సాయంత్రం టీ దగ్గర ఒకటే వాదన: అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఈసారి డాలస్ కౌబాయ్స్ ఆఫెన్స్ (బంతి చేతిలో ఉన్నప్పుడు ఆడే దళం) ఎలా ఆడుతుందని. ఫ్రిస్కోలో అయితే మరీను. కౌబాయ్స్ జట్టు ఆఫీసు, ప్రాక్టీస్ మైదానం ఉన్న ‘ది స్టార్’ ఊళ్లోనే ఉంది కదా. “ఈసారి మనవాళ్ల ఆఫెన్స్ ఇరగదీస్తుంది బావా” అని ఒకరంటారు. “పోయినేడు కూడా అదే అన్నావ్” అని ఇంకొకరు. రెండు గంటలు గడుస్తాయి, టీ రెండోసారి కాచాల్సి వస్తుంది. సీజన్ ముగిసే జనవరి వచ్చేసరికి ఎవరేమన్నారో ఎవరికీ గుర్తుండదు.

ఈ వాదన నాకు చాలా ఇష్టం. అందుకే అది జనవరిలో కూడా నిలబడాలని నా కోరిక. దానికి పెద్ద లెక్కలేం అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, జట్టుకి ఓ గంట సమయం, ప్రో ఫుట్‌బాల్ రెఫరెన్స్ సైట్‌లో పాత సీజన్ల అంకెలు చాలు. కింద చెప్పే పద్ధతికి ఉదాహరణగా 2024 డాలస్ కౌబాయ్స్‌ని తీసుకుంటాను. ఆ ఏడాది ఆగస్టులో వాళ్లకి 470 పాయింట్లు వస్తాయని నోటుబుక్కులో రాసుకున్నాను. వచ్చినవి 350. ఎక్కడ తప్పానో తీరిగ్గా కూర్చుని చూసుకున్నాకే ఈ పద్ధతి కుదిరింది.

ముందు ఒక అంకె పెట్టుకోండి

“బాగా ఆడతారు”, “టాప్ 5లో ఉంటారు” అనేవి తర్వాత ఎటు కావాలంటే అటు తిప్పుకోగల మాటలు. అంకె అలా తిరగదు. సీజన్ మొత్తంలో జట్టు వేసే పాయింట్లు మొదలుపెట్టడానికి అన్నిటికంటే తేలిక. 2021 నుంచి ఒక్కో జట్టు 17 మ్యాచ్‌లు ఆడుతోంది. ఈమధ్య సీజన్లలో సగటు జట్టు మ్యాచ్‌కి 22, 23 పాయింట్ల దగ్గర ఉంటోంది, అంటే సీజన్‌కి 380 చుట్టూ. 500 దాటితే అది గొప్ప ఆఫెన్స్ కింద లెక్క. ఈ రెండు అంకెలూ నోటుబుక్కు మొదటి పేజీలో పెద్దగా రాసుకోండి.

2021కి ముందు 16 మ్యాచ్‌లే ఉండేవి. కాబట్టి పాత జట్లని చూసేటప్పుడు మొత్తం పాయింట్లు కాకుండా మ్యాచ్ సగటు తీసుకోండి. 2013లో డెన్వర్ బ్రాంకోస్ 606 పాయింట్లు వేసింది 16 మ్యాచ్‌ల్లోనే, మ్యాచ్‌కి దాదాపు 38.

పోయినేడాది అంకెని కడగండి

2023లో కౌబాయ్స్ 509 పాయింట్లు వేశారు. లీగ్‌లో అందరికంటే ఎక్కువ. 2024 వేసవిలో మేమంతా పట్టుకుని వేలాడింది ఈ అంకెనే. కానీ ఆ 509లో ఆఫెన్స్ సంపాదించినవి ఎన్ని?

ఆ ఏడాది డిఫెన్స్‌లోని కార్నర్‌బ్యాక్ డారాన్ బ్లాండ్ ఎదుటి జట్టు పాస్‌ని మధ్యలో పట్టి (ఇంటర్‌సెప్షన్) నేరుగా టచ్‌డౌన్‌కి తీసుకెళ్లడం 5 సార్లు చేశాడు. ఒక సీజన్‌లో అది ఎన్‌ఎఫ్‌ఎల్ రికార్డు. టచ్‌డౌన్‌కి ఆరు చొప్పున అక్కడే 30 పాయింట్లు. జెయింట్స్‌తో 40-0గా గెలిచిన మొదటి మ్యాచ్‌లో ఎదుటివాళ్లు పోస్టుల మధ్యకి తన్నిన ఫీల్డ్ గోల్‌ని అడ్డుకుని, ఆ బంతి పట్టుకెళ్లి ఇంకో టచ్‌డౌన్ చేశారు. ఎక్స్‌ట్రా పాయింట్లతో కలిపి తక్కువలో తక్కువ 40 పాయింట్లు ఆఫెన్స్ చెయ్యి పడకుండా వచ్చినవే. కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ తన మొదటి సీజన్‌లోనే వరుసగా 35 ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. ఎంత మంచి కిక్కరైనా అలాంటి వరస ప్రతి ఏడాదీ దొరకదు.

కాబట్టి 509ని 470గా రాసుకోండి. ఏ జట్టుకైనా ఇలాగే చేయండి: డిఫెన్స్, స్పెషల్ టీమ్స్ (కిక్‌లప్పుడు దిగేవాళ్లు) చేసిన టచ్‌డౌన్లు తీసేయండి. ఫంబుల్స్ (చేతిలోంచి జారిన బంతులు) కూడా ఒకసారి చూడండి. నేల మీద దొర్లే బంతి ఎవరికి దొరుకుతుందన్నది చాలావరకు బొమ్మా బొరుసే. అది ఒక ఏడాది అంతా ఒక జట్టు వైపే దొర్లితే, వచ్చే ఏడాది కూడా అలాగే దొర్లుతుందని అనుకోకండి.

తర్వాత ఆ జట్టు ఏ డౌన్‌లో బాగా ఆడిందో చూడండి. పది గజాలు ముందుకెళ్లడానికి జట్టుకి నాలుగు ప్రయత్నాలు (ప్లేలు) ఉంటాయి, ఒక్కోదాన్నీ డౌన్ అంటారు. దీనికి సక్సెస్ రేట్ అనే చిన్న లెక్క ఉంది. మొదటి డౌన్‌లో కావలసిన గజాల్లో 40 శాతం, రెండో డౌన్‌లో 60 శాతం, మూడు, నాలుగు డౌన్లలో మొత్తం వస్తే ఆ ప్లే సఫలం. మొదటి రెండు డౌన్లలో సఫలమయ్యే జట్టు మరుసటి ఏడాది కూడా అదే దారిలో నడిచే అవకాశం ఎక్కువ. మూడో డౌన్‌లో గట్టెక్కుతూ వచ్చిన జట్టు మీద నేను అంత నమ్మకం పెట్టుకోను.

శిఖరం ఎక్కినవాడి మరుసటి ఏడాది చూడండి

ఈ అడుగు చాలామంది దాటేస్తారు. ఆఫెన్స్‌ని నడుపుతూ పాస్‌లు వేసే క్వార్టర్‌బ్యాక్ ఒకడు రికార్డు సీజన్ ఆడితే వచ్చే ఏడాది ఇంకా పైకి వెళ్తాడనే అనిపిస్తుంది. చరిత్ర చూడండి. డాన్ మరీనో 1984లో 48 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, 1985లో 30. పేటన్ మానింగ్ 2004లో 49, 2005లో 28. టామ్ బ్రేడీ 2007లో 50, 2008 మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్ మొత్తం పోయింది. మళ్లీ మానింగే 2013లో 55, మరుసటి ఏడాది 39. పాట్రిక్ మహోమ్స్ 2018లో 50, 2019లో 26.

వీళ్లలో ఎవరూ ఆట మర్చిపోలేదు. పైగా మహోమ్స్ 26 వేసిన ఆ ఏడాదే సూపర్ బౌల్ (ఫైనల్) గెలిచాడు. ఒక సీజన్‌లో అన్నీ కలిసొస్తేనే 50 వస్తాయి, మరుసటి ఏడాది అందులో రెండు మూడు కలిసి రావు. అందుకని నేను కడిగిన అంకెకీ లీగ్ సగటుకీ మధ్య అంకె దగ్గర మొదలుపెడతాను. కౌబాయ్స్ విషయంలో 470కీ 380కీ మధ్య, అంటే 425. అట్టడుగున ఉన్న జట్టుకీ ఇదే సూత్రం, కాకపోతే అక్కడ పైకి జరుగుతుంది. ఇది నేను పెట్టుకున్న కట్టుబాటు మాత్రమే, మీకు వేరే అంకె నచ్చితే అది వాడండి. వాడినప్పుడు మాత్రం అన్ని జట్లకీ ఒకేలా వాడండి. మన జట్టుకి ఒక న్యాయం, ఫిలడెల్ఫియాకి ఇంకో న్యాయం వద్దు.

లైన్ దగ్గర ఎక్కువసేపు కూర్చోండి

మీ గంటలో సగం సమయం ఇక్కడ పెట్టమంటాను. క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడే ఐదుగురే లైన్. వాళ్ల పేర్లు టీవీలో తప్పు చేసినప్పుడే వినిపిస్తాయి. టీ దగ్గర వాదనలో అసలు వినిపించవు. కానీ పాస్ వేయడానికి దొరికే ఆ రెండున్నర, మూడు సెకన్లు వాళ్లు ఇచ్చేవే.

ఇలా చేయండి. పేజీ మీద అడ్డంగా ఐదు గడులు గీయండి: లెఫ్ట్ ట్యాకిల్, లెఫ్ట్ గార్డ్, సెంటర్, రైట్ గార్డ్, రైట్ ట్యాకిల్. ఒక్కో గడిలో పోయినేడు ఎక్కువ మ్యాచ్‌లు ఆడినవాడి పేరు, కింద ఈ ఏడాది ఆడబోయేవాడి పేరు రాయండి. పేరు మారిన గడికి ఎర్ర పెన్నుతో చుట్టూ గీత పెట్టండి. ఇప్పుడు ఎరుపు ఎక్కడుందో చూడండి. గార్డ్ మారితే సర్దుకోవచ్చు. లెఫ్ట్ ట్యాకిల్, సెంటర్ మారితే ఆగి ఆలోచించాలి. కుడిచేత్తో వేసే క్వార్టర్‌బ్యాక్‌కి వెనక నుంచి వచ్చేవాణ్ణి ఆపేది లెఫ్ట్ ట్యాకిల్. ఎదుటి డిఫెన్స్ ఎటు నుంచి దూకబోతోందో చూసి, మిగతా నలుగురికీ ఎవరెవరిని పట్టుకోవాలో చెప్పేది సెంటర్. వాడి చేతి నుంచి బంతి వెనక్కి రాకపోతే అసలు ప్లేనే మొదలవదు.

2024 వేసవిలో కౌబాయ్స్ పేజీ ఇలా ఉండాల్సింది. లెఫ్ట్ ట్యాకిల్ టైరన్ స్మిత్ న్యూయార్క్ జెట్స్‌కి వెళ్లిపోయాడు. అతని చోట్లోకి వచ్చింది ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) 29వ ఎంపిక టైలర్ గైటన్, కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కుర్రాడు. సెంటర్ టైలర్ బియాడిష్ వాషింగ్టన్‌కి పోయాడు. ఆ గడిలోకి మూడో రౌండ్‌లో తీసుకున్న కూపర్ బీబీ వచ్చాడు. అతను కాలేజీలో ఎక్కువగా గార్డ్‌గా ఆడినవాడు, సెంటర్ పని ఇక్కడికొచ్చాకే మొదలు. అంటే అన్నిటికంటే కీలకమైన రెండు గడుల్లోనూ ఎరుపు, రెండింట్లోనూ ఒక్క ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్ కూడా ఆడనివాళ్లు. ఆ ఆగస్టులో మా ఇంట్లో జరిగిన వాదనలో గైటన్ పేరు ఒక్కసారి వచ్చింది. బీబీ పేరు అసలు రాలేదు. క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ పేరు మాత్రం వందసార్లు.

లెక్క కోసం నేను పెట్టుకున్నది: కొత్త కుర్రాడు వస్తే లెఫ్ట్ ట్యాకిల్‌కి 15 పాయింట్లు, సెంటర్‌కి 15 తగ్గించడం. అనుభవం ఉన్నవాడు వస్తే అందులో సగం. మంచివాడు కొత్తగా చేరి పాత కన్నం పూడితే అంతే కలపడం.

ఇదే అంకెల్లో ఇంకోచోట చూడాలంటే హ్యూస్టన్. అక్కడి క్వార్టర్‌బ్యాక్ సీజే స్ట్రౌడ్ 2023లో మొదటి సీజన్‌లోనే 4,108 గజాలు, 23 టచ్‌డౌన్లు, 5 ఇంటర్‌సెప్షన్లతో అందర్నీ ఆశ్చర్యపరిచాడు. రెండో ఏడాది ఇంకా ఎదుగుతాడని అందరూ రాశారు. 2024లో అతన్ని 52 సార్లు శాక్ చేశారు, అంటే పాస్ వేయకముందే పడగొట్టారు. గజాలు 3,727కి తగ్గాయి, ఇంటర్‌సెప్షన్లు 12 అయ్యాయి. లైన్ మీద కోపం, ఆటగాడి మీద జాలి రెండూ కలిగాయి నాకు ఆ సీజన్ చూస్తుంటే.

ప్లేలు ఎవరు కాల్ చేస్తున్నారు

పేరుకి ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ ఎవరైనా ఉండొచ్చు, మ్యాచ్‌లో మైక్‌లో ప్లే చెప్పేది ఎవరో తెలుసుకోండి. హెడ్ కోచే ప్లేలు కాల్ చేసే జట్టులో కోఆర్డినేటర్ మారినా పెద్దగా ఏమీ కదలదు. 2017 సీజన్ అయ్యాక కోఆర్డినేటర్ మ్యాట్ నాగీ కాన్సస్ సిటీ వదిలి చికాగోకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. హెడ్ కోచ్ ఆండీ రీడ్ అక్కడే ఉన్నాడు, మరుసటి ఏడాదే ఆ జట్టు 565 పాయింట్లు వేసింది.

అట్లాంటాలో దీనికి తిరగబడ్డ కథ. 2016లో కోఆర్డినేటర్ కైల్ షానహన్ ప్లేలు నడుపుతుంటే ఫాల్కన్స్ 540 పాయింట్లు వేశారు, క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ రయాన్‌కి ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు) వచ్చింది. సూపర్ బౌల్‌లో 28-3 ఆధిక్యం నుంచి ఓడిపోయాక షానహన్ శాన్‌ఫ్రాన్సిస్కోకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. కాలేజీ ఫుట్‌బాల్ నుంచి స్టీవ్ సార్కీజియన్ వచ్చాడు. అదే రయాన్, అదే రిసీవర్ జూలియో జోన్స్. పాయింట్లు మాత్రం 353. అంత పడిపోవడం మొత్తం కోచ్ మీదే వేయలేం, పైన చెప్పిన శిఖరం సంగతి కూడా ఉంది. కానీ ప్లే కాలర్ వెళ్లిపోయిన జట్టు అంకెని ఆగస్టులో కిందకి దించకపోతే మీరు జెర్సీ మీద పేర్లు మాత్రమే చూస్తున్నట్టు.

రిసీవర్ల వార్తలు

పాస్‌లు పట్టేవాళ్లే రిసీవర్లు. టీవీలో అందరికంటే ఎక్కువ వినిపించేవి ఈ వార్తలే కాబట్టి ఇక్కడ తక్కువ సమయం పెట్టండి. స్టెఫాన్ డిగ్స్ వచ్చిన 2020లో బఫెలో 314 పాయింట్ల నుంచి 501కి ఎగిరింది నిజమే. అదే ఏడాది అక్కడి క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ పాస్‌లు చేరే శాతం 58.8 నుంచి 69.2కి పెరిగింది, ఆ ఎదుగుదలలో ఆలెన్ సొంత కష్టం చాలా ఉంది. అదే డిగ్స్ 2024లో హ్యూస్టన్‌కి వస్తే 8 మ్యాచ్‌ల తర్వాత మోకాలి గాయంతో సీజన్ ముగిసింది.

రిసీవర్ సీజన్‌కి ముందు జరిగే ట్రైనింగ్ క్యాంప్‌లో ఉన్నాడా లేడా అన్నది మాత్రం రాసుకోండి. 2024లో కౌబాయ్స్ రిసీవర్ సీడీ లాంబ్ కాంట్రాక్ట్ తేలక క్యాంప్ మొత్తం రాలేదు. ఆగస్టు 26న సంతకం పెట్టాడు, సెప్టెంబర్ 8న మొదటి మ్యాచ్. క్వార్టర్‌బ్యాక్‌తో కుదిరే టైమింగ్ రెండు వారాల్లో వచ్చేది కాదు. దానికి నేను 10 తగ్గిస్తాను. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ టోనీ పొలార్డ్ కూడా టెనెసీకి వెళ్లాడు, దానికి ఇంకో 5.

ప్రీసీజన్ మ్యాచ్‌లని ఎలా చూడాలి

స్కోరు చూడకండి. 2008లో డెట్రాయిట్ లయన్స్ ప్రీసీజన్‌లో నాలుగుకి నాలుగూ గెలిచారు, అసలు సీజన్‌లో 16కి 16 ఓడారు. 2017లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ది కూడా అచ్చం అదే కథ. ఇప్పుడు ప్రీసీజన్ మూడు మ్యాచ్‌లే. అసలు ఆటగాళ్లు ఒకటి రెండు డ్రైవ్‌లు (బంతి చేతికొచ్చినప్పటి నుంచి పోయేదాకా సాగే ఆట) ఆడి టోపీ పెట్టుకుని పక్కన నిలబడతారు. క్రికెట్‌లో వార్మప్ మ్యాచ్ స్కోరు చూసి సిరీస్ ఫలితం చెప్పం కదా.

మొదటి డ్రైవ్‌లో బంతిని వదిలేసి లెఫ్ట్ ట్యాకిల్ కాళ్లు చూడండి. మీ ఎర్రగీత గడిలో ఉన్న కుర్రాడు వెనక్కి జరుగుతూ బ్యాలెన్స్ పోగొట్టుకుంటున్నాడా, ఎదుటివాడి జెర్సీ పట్టుకుని ఫ్లాగ్ (పెనాల్టీ) పడేలా చేస్తున్నాడా? నేను రిమోట్ చేతిలో పెట్టుకుని ఒక్కో ప్లే మూడుసార్లు వెనక్కి తిప్పి చూస్తాను. ఇంట్లోవాళ్లకి విసుగే, కానీ పది ప్లేలు అలా చూస్తే వంద వార్తలు చదివినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

గాయాల గడి

ఎవరికి దెబ్బ తగులుతుందో చెప్పలేం. క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ 2023లో జెట్స్ తరఫున నాలుగో ప్లేకే అకిలీస్ తెగి సీజన్ పోగొట్టుకున్నాడు. అందుకే అంచనాని షరతుతో రాయండి: “క్వార్టర్‌బ్యాక్ 14 మ్యాచ్‌లకి తగ్గకుండా ఆడితే ఇంత”. పక్కనే బ్యాకప్ పేరు, అతనొస్తే ఎంత తగ్గుతుందో రాయండి. ఒక్కోసారి తగ్గకపోవచ్చు కూడా. 2024 ఆగస్టులో మిన్నెసోటా కొత్త క్వార్టర్‌బ్యాక్ కుర్రాడు జేజే మెకార్తీ మోకాలికి దెబ్బ తగిలింది. అతని బదులు శామ్ డార్నాల్డ్ ఆడి 35 టచ్‌డౌన్లు వేశాడు, జట్టు 14 మ్యాచ్‌లు గెలిచింది.

కాగితం మీద పెట్టండి

ఒక జట్టుకి ఒక పేజీ. పైన అంకె, దాని కింద అటూ ఇటూ 40 పాయింట్ల పరిధి, తర్వాత మూడు కారణాలు, చివర షరతు. కారణం ఒక్కో వాక్యం దాటకూడదు. కౌబాయ్స్ 2024 పేజీ ఈ పద్ధతిలో వేస్తే: 425తో మొదలు, లెఫ్ట్ ట్యాకిల్‌కి 15, సెంటర్‌కి 15, లాంబ్ లేని క్యాంప్‌కి 10, పొలార్డ్‌కి 5 తీసేస్తే 380. పరిధి 340 నుంచి 420. ఇది అంతా అయిపోయాక వేసిన లెక్క, ఆ సంగతి దాచను. కానీ ఇందులో వాడిన ప్రతి వార్తా సీజన్ మొదలవకముందే తెలిసినదే.

సీజన్ మొదటి మ్యాచ్ మొదలయ్యేలోపు పేజీల ఫొటోలు గ్రూప్‌లో పెట్టేయాలని షరతు పెట్టుకోండి. ఆ తర్వాత దిద్దుబాట్లు లేవు.

వాదనలో దిగినప్పుడు

ఎదుటివాళ్లు “వాళ్లకి ఈ ఏడాది తిరుగులేదు” అంటే కాదనకండి. “అన్నా, ఎన్ని పాయింట్లు వేస్తారంటావ్?” అని అడగండి. అంకె చెప్పాక “లైన్‌లో ఎవరు మారారు?” అని రెండో ప్రశ్న వేయండి. ఈ రెండు ప్రశ్నలతో గొంతులు తగ్గడం, ఫోన్‌లో డెప్త్ చార్ట్ (ఏ స్థానంలో ఎవరు ఆడతారో చెప్పే పట్టిక) తెరవడం నేను చాలాసార్లు చూశాను. పెద్దాయన ఎవరైనా 1990ల కౌబాయ్స్ గురించి చెప్తుంటే మాత్రం అడ్డు తగలకుండా వినండి. రన్నింగ్ బ్యాక్ ఎమ్మిట్ స్మిత్ ముందు నిలబడ్డ ఆ లైన్ గురించి ఆయన చెప్పేది మీ పేజీకి పనికొచ్చేదే.

నాలుగు మ్యాచ్‌లు అయ్యాక ఒకసారి, సగం సీజన్‌లో ఒకసారి అంకెలు చూడండి. మొదటి నాలుగు మ్యాచ్‌లు చూసి గెలిచామని గంతులేయొద్దు, ఓడామని దిగాలు పడొద్దు.

విప్పి చూసేటప్పుడు

జనవరిలో పేజీ తెరిచి, అసలు అంకె పక్కన రాసి, మూడు కారణాల్లో ఏది నిలబడిందో ఏది పడిపోయిందో టిక్కులు పెట్టండి. ఇక్కడ తొందరపడితే మొత్తం కష్టం వృథా, ఎందుకంటే తప్పుకి ఏదో ఒక సాకు చేతికి అందుబాటులోనే ఉంటుంది. 2024 కౌబాయ్స్‌కి ఆ సాకు ప్రెస్కాట్ గాయం. నవంబర్ మొదట్లో అట్లాంటాలో అతని తొడ కండరం దెబ్బతింది, సీజన్ అక్కడితో సరి. “డాక్ ఉంటే మన అంచనా తప్పేది కాదు” అని మేమంతా ఒకరినొకరు ఓదార్చుకున్నాం.

తర్వాత ఒక ఆదివారం మ్యాచ్‌లవారీగా స్కోర్లు రాసి కలిపాను. గాయమైన మ్యాచ్‌తో సహా మొదటి ఎనిమిది: 33, 19, 25, 20, 20, 9, 24, 21. మొత్తం 171, మ్యాచ్‌కి 21.4. అతను లేని తొమ్మిది మ్యాచ్‌ల్లో 179, మ్యాచ్‌కి 19.9. డాక్ ఉన్నప్పటి వేగంతోనే 17 మ్యాచ్‌లూ ఆడి ఉంటే 363 వచ్చేవి. నేను రాసుకున్న 470కీ దానికీ వంద పాయింట్ల దూరం. ఆ వంద ఎక్కడ పోయాయో వెతుకుతూ వెనక్కి వెళ్తే ఆగస్టు పేజీ దగ్గర ఆగాను. అందులో ఐదు గడులు లేవు, ఎర్రగీత లేదు. 509 అని పైన రాసి కింద డాక్, లాంబ్ అని రెండు పేర్లు రాసి ఉన్నాయి.

ఇప్పుడు ప్రతి జులైలో కొత్త పేజీ తీయగానే మొదట ఆ ఐదు గడులే గీస్తాను. జట్టు పేరు తర్వాత రాస్తాను.